గౌలిపుర పొరుగున ఖాన్ సాహెబ్

ఆషాఢం చివరి ఆదివారం పాతబస్తీకి బండి తీయకపోవడమే మంచిది. శాలిబండ దాటాక కాలినడకే గతి. లాల్‌దర్వాజ సింహవాహిని అమ్మవారికి బోనాలెత్తిన ఆడపడుచులు, కొరడా ఝళిపించే పోతరాజులు, ఫలహారం బండ్లు, తీన్‌మార్ దెబ్బకు ఊగిపోయే గౌలిపుర గల్లీలు. మర్నాడు ఘటాల ఊరేగింపు. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగెక్కి నయాపూల్ వైపు సాగుతుంటే దారి పొడవునా డప్పులే. సంగీతమంటే ఈ పేటలో ముందు చెవిన పడేది ఆ చప్పుడే. దానికి కూతవేటు దూరంలో, సుల్తాన్‌షాహీ వైపున్న పాత ఖబరస్తాన్‌లో, 20వ శతాబ్దపు హిందుస్తానీ గాత్రాన్ని ఏలిన మనిషి ఒకాయన నిద్రపోతున్నాడని ఆ ఊరేగింపులో నడిచేవాళ్లలో ఎంతమందికి తెలుసో!

ఆయన ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్. పుట్టింది 1902 ఏప్రిల్ 2న, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న కసూర్‌లో. పోయింది 1968 ఏప్రిల్‌లో, హైదరాబాద్ బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో. ఈ రెండు ఊళ్ల మధ్య లాహోర్, కలకత్తా, బొంబాయి, మద్రాసు అన్నీ ఉన్నాయి. చివరికి చోటిచ్చింది మాత్రం గౌలిపుర పొరుగున ఉన్న దాయిరా మీర్ మొమిన్ అనే ఆ ఖబరస్తానే.

ఊరు తన సంగీతకారుడికి కట్టుకునే స్మారకం గురించి రాద్దామని కూర్చుంటే హైదరాబాద్‌లో ఒక చిక్కు వస్తుంది. ఇక్కడ పేరున్న సంగీత సమాధుల్లో ఉన్నవాళ్లెవరూ ఈ ఊళ్లో పుట్టినవాళ్లు కారు. ఒకరిది పంజాబ్, ఒకరిది హర్యానా పల్లె, ఇంకొకరిది ఔరంగాబాద్. మరి ‘సొంత ఊరు’ అని దేన్నంటాం? పుట్టిన ఊరినా, పోయిన ఊరినా, పోయాక తలుచుకునే ఊరినా? మూడోదానికే నా ఓటు. అయితే ఆ లెక్కన చూస్తే ఖాన్ సాహెబ్ విషయంలో హైదరాబాద్‌కు ఇంకా బాకీ ఉంది.

గోడ లోపలి ఊరు

నగరం చుట్టూ కోటగోడ ఉన్న రోజుల్లో గౌలిపుర పేరుతోనే ఒక దర్వాజ ఉండేది. పక్కనే మీర్ జుమ్లా దర్వాజ, ఇటు అలియాబాద్ దర్వాజ. గోడ పోయింది, దర్వాజలూ పోయాయి. ఇవాళ కళ్లతో చూడాలంటే దబీర్‌పుర, పురానాపూల్ దర్వాజలే దిక్కు. మీర్ జుమ్లా తలాబ్ అన్నా నీళ్లుండవు, ఇళ్లే ఉంటాయి. పాతబస్తీలో లేని వాటి పేర్లతోనే దారి చెప్పుకుంటాం. ‘దర్వాజ కాడ దిగు’ అంటారు, అక్కడ దర్వాజ ఉండదు.

దాయిరా మాత్రం 400 ఏళ్లుగా అలాగే ఉంది. దాన్ని వేయించిన మీర్ మొమిన్ అస్త్రాబాదీ కూడా ఇరాన్ నుంచి వలస వచ్చినవాడే. మహమ్మద్ కులీ కుతుబ్‌షా దగ్గర పేష్వాగా చేశాడు. 1591లో కొత్త నగరానికి గీత గీసింది, చార్మినార్‌ను నడిబొడ్డున నిలిపింది ఆయన ఆలోచనేనని చెబుతారు. ఊరికి వీధులు వేసినవాడే ఊరివాళ్లు చివరికి చేరే చోటూ చూసిపెట్టాడన్నమాట. కర్బలా నుంచి మట్టి తెప్పించి ఈ నేలలో కలిపించాడని ఇప్పటికీ భక్తిగా చెప్పుకుంటారు. ఆయన సమాధి ఇక్కడే. దివాన్ మీర్ ఆలం ఇక్కడే. మ్యూజియం పుణ్యాన మనందరికీ తెలిసిన సాలార్‌జంగుల కుటుంబమూ ఇక్కడే. వేల సమాధులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. దివాన్ల సమాధులంటే చెయ్యెత్తి చూపిస్తారు. ఖాన్ సాహెబ్ దగ్గరికి వెళ్లాలంటే తెలిసినవాళ్లు వెంట ఉండాలి.

కసూర్ నుంచి బషీర్‌బాగ్ దాకా

కసూర్ అంటే బుల్లే షా దర్గా ఉన్న ఊరు. తర్వాతి కాలంలో మల్లికా-ఎ-తరన్నుమ్ నూర్జహాన్ పుట్టిన ఊరు కూడా. అలాంటి చోట అలీ బక్ష్ ఖాన్ కొడుకుగా పుట్టి, చిన్నాయన కాలే ఖాన్ దగ్గర పాట నేర్చుకున్నాడు గులాం అలీ. మొదట్లో సారంగి వాయించేవాడు. తర్వాత పాటలో ఆ సారంగి మెలికలే వినిపించేవని రసికులంటారు. పటియాలా–కసూర్ బాణీకి ధ్రుపద్ గాంభీర్యం, జైపూర్ నడక, గ్వాలియర్ అలంకారాలు కలుపుకుని మూడు స్థాయిల్లోనూ గొంతు వెన్నలా తిరిగేలా సాధన చేశాడు. ఫొటోల్లో చూస్తే పహిల్వాన్ ఒళ్లు, గుబురు మీసం, ఒడిలో స్వరమండలం. ఆ ఆకారం చూసి ఉరుము ఊహించుకున్నవాళ్లకు ఠుమ్రీలో ఊపిరికన్నా మెత్తగా దిగే తీగ వినిపించేది. ‘సబ్‌రంగ్’ అన్న పేరుతో సొంతంగా బందిష్‌లు కట్టాడు. రాగాన్ని గంటల తరబడి సాగదీస్తే వినేవాళ్లకు ఓపిక ఉండదని గ్రహించి, కచేరీలో ఒక్కో అంశాన్ని కుదించుకున్న తెలివిడి కూడా ఆయనదే. సంప్రదాయవాదులకు ఇది రుచించలేదు. నాకు మాత్రం ఆయన గొప్పలో సగం ఆ కుదింపులోనే కనిపిస్తుంది.

దేశ విభజనతో కసూర్ సరిహద్దు అవతలికి పోయింది. ఖాన్ సాహెబ్ కొన్నాళ్లు అక్కడే ఉన్నా మనసు ఇటే లాగింది. తిరిగొచ్చాడు. 1957లో మొరార్జీ దేశాయ్ చొరవతో భారత పౌరసత్వం, మలబార్ హిల్‌లో ఉండటానికి ఇల్లు దొరికాయి. ఇంటికొక బిడ్డకు సంగీతం నేర్పి ఉంటే ఈ దేశం ముక్కలయ్యేది కాదన్న మాట ఆయన పేరుతో చెలామణిలో ఉంది. ఆ మాట నిజమవునో కాదో గానీ, విభజన గీసిన గీతను వెనక్కి దాటి వచ్చిన మనిషి నోట అది వినడానికి బాగుంటుంది.

సినిమాకు పాడనని భీష్మించుకున్న ఆయన్ని ‘మొఘల్-ఎ-ఆజం’కు ఒప్పించిన కథ సినిమావాళ్లందరికీ కంఠతా వచ్చు. సంగీత దర్శకుడు నౌషాద్ వెంట దర్శకుడు కె.ఆసిఫ్ వెళ్లాడు. వదిలించుకుందామని ఖాన్ సాహెబ్ పాటకు 25,000 రూపాయలు అడిగాడట. లతా, రఫీ లాంటివాళ్లు పాటకు కొన్ని వందలు తీసుకునే రోజులవి. ఆసిఫ్ సిగరెట్ దులుపుతూ సరేనన్నాడట! ఇక తప్పలేదు. 1960లో వచ్చిన ఆ సినిమాలో తాన్‌సేన్ గొంతుగా సోహ్ని, రాగేశ్రీ రాగాల్లో రెండు పాటలు మిగిలాయి. 1962లో పద్మభూషణ్, సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చాయి. 2003లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

తెలుగువాళ్లకు ఆయన ఇంకో దారిలో చుట్టం. మద్రాసులో ఘంటసాల ఇంటి ఆతిథ్యం ఖాన్ సాహెబ్‌కు ఉండేది. హిందుస్తానీ అంటే చెవి కోసుకునే ఘంటసాల, ఇంటికొచ్చిన ఉస్తాద్‌ను ఎలా చూసుకుని ఉంటాడో చెప్పక్కర్లేదు. ఘంటసాల పాటల్లో కొన్నిచోట్ల గమకం కర్ణాటక దారి వదిలి ఉత్తరాదికి ఒరుగుతుందే, అలాంటి చోట్ల ఆ సహవాసం గుర్తొస్తుంది.

చివరి ఏళ్లలో పక్షవాతం కమ్మింది. ఒళ్లు సహకరించకున్నా కొడుకు మునవ్వర్ అలీ ఖాన్ అందుకుంటుంటే జనం ముందు కూర్చుని పాడాడు. ఆ దశలోనే హైదరాబాద్. పాయిగా వంశపు నవాబ్ జహీర్ యార్ జంగ్ ఆదరణలో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో ఉంటూ అక్కడే కన్నుమూశాడు. సంస్థానం పోయి 20 ఏళ్లయినా పాటగాణ్ని ఇంట్లో పెట్టుకుని సేవ చేసే నవాబీ మర్యాద ఇంకా మిగిలే ఉందని అనుకోవాలి.

ఆ ప్యాలెస్ ఇప్పుడు లేదు. 1880 ప్రాంతంలో సర్ ఆస్మాన్ జా కట్టించుకున్న భవనం కూలిపోయి పేరొక్కటే పేటకు మిగిలింది. అక్కడి పెద్ద రోడ్డుకు ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ మార్గ్ అని పేరు పెట్టారు. కాగితం మీద గొప్ప గౌరవమే. మనం మాత్రం ఆ రోడ్డు మీద రోజూ తిరుగుతూ ‘బషీర్‌బాగ్’ అనే అంటాం. ఢిల్లీలో శిష్యురాలు మాలతీ గిలానీ పెట్టిన యాద్‌గార్ సభ ఆయన పేరుతో ‘సబ్‌రంగ్ ఉత్సవ్’ జరుపుతూ వచ్చింది. మట్టి ఇక్కడ, పాట అక్కడ.

అంబర్‌పేటలో ఒక కొడుకు

ఇదే నగరంలో మరో సమాధి కథ పూర్తిగా వేరు. మేవాతీ ఘరానా గాయకుడు పండిత్ మోతీరామ్‌ను ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆస్థాన విద్వాంసుడిగా ప్రకటించాల్సిన రోజు 1934 నవంబర్ 30. సరిగ్గా అదే రోజు, ఆ ప్రకటనకు కొన్ని గంటల ముందు మోతీరామ్ పోయారు. అంబర్‌పేటలో సమాధి కట్టారు. అప్పటికి చిన్న కొడుకు జస్‌రాజ్‌కు నాలుగేళ్లు.

హర్యానాలోని పీలీ మందోరీలో పుట్టిన ఆ పిల్లవాడి బాల్యం ఇలా హైదరాబాద్‌తో ముడిపడింది. బడికి వెళ్లే దారిలో ఒక చిన్న హోటల్లో గ్రామఫోన్ మీద బేగం అఖ్తర్ గజల్ మోగేదని, అది వింటూ బడి ఎగ్గొట్టి అక్కడే కూర్చుండిపోయేవాణ్నని ఆయన పెద్దయ్యాక ఎన్నో ఇంటర్వ్యూల్లో ముచ్చటగా చెప్పుకున్నారు. మొదట అన్న ప్రతాప్ నారాయణ్ తబలా నేర్పాడు. తర్వాత పెద్దన్న మణిరామ్ దగ్గర గాత్రం. 1946లో కలకత్తా వెళ్లిపోయారు. అక్కణ్నుంచి బొంబాయి, ప్రపంచం.

వెళ్లినవాడు వెళ్లినట్టే ఉండిపోలేదు. 1972 నుంచి ఏటా నవంబర్ చివర హైదరాబాద్‌లో తండ్రి పేరుతో, ఆ తర్వాత తండ్రీ అన్నల పేరుతో ‘పండిత్ మోతీరామ్ పండిత్ మణిరామ్ సంగీత సమారోహ్’ జరిపించారు. ముందు అంబర్‌పేట వెళ్లి సమాధికి దండం పెట్టుకోవడం, ఆ తర్వాత కచేరీ. దేశంలో పేరున్న గాయకులు, వాద్యగాళ్లు ఎందరో ఆయన పిలుపు మీద వచ్చి పాడారు. చౌమహల్లా ప్యాలెస్‌లో దీపాల వెలుగులో జరిగిన ఏళ్లూ ఉన్నాయి. తండ్రికి దక్కకుండా పోయిన నిజాం దర్బారు ఏ ఇంటిదో, ఆ ఇంటి వాకిట్లోనే కొడుకు తండ్రి పేరు పాడించాడు. హైదరాబాద్ సంగీత చరిత్రలో ఇంతకన్నా తీరైన ఘట్టం నాకు తెలియదు.

జస్‌రాజ్ 2020 ఆగస్టు 17న అమెరికాలోని న్యూజెర్సీలో కన్నుమూశారు. అంతకు ముందు ఏడాదే, 2019లో, అంగారకుడికీ గురుగ్రహానికీ మధ్య తిరిగే ఒక చిన్న గ్రహశకలానికి ఆయన పేరు పెట్టారు. ఆకాశంలో పేరు ఉండటం బాగానే ఉంటుంది. ఏటా కొంతమంది చేరి పాడుకోవడానికి మాత్రం అంబర్‌పేట సమాధి లాంటి చోటు నేల మీద ఉండాలి.

తన గోరీ తానే కట్టించుకున్న గాయని

స్మారకం పని ఎవరికీ వదలని మనిషి ఒకామె ఉంది. మహ్ లఖా బాయి చందా. 1768లో పుట్టి, రెండో అసఫ్‌జా నిజాం అలీ ఖాన్ దర్బారులో కవయిత్రిగా, గాయనిగా, నర్తకిగా వెలిగింది. తాన్‌సేన్ పరంపర వాడని చెప్పే ఖుష్‌హాల్ ఖాన్ దగ్గర సంగీతం నేర్చుకుంది. అడిక్‌మెట్ జాగీరు ఆమెదే. తర్వాతి కాలంలో ఉస్మానియా యూనివర్సిటీ లేచింది ఆ చుట్టుపక్కల నేల మీదే. తల్లి రాజ్ కున్వర్ బాయి పోతే 1792లో మౌలాలీ గుట్ట కింద తోట వేయించి సమాధి కట్టించింది. 1824లో తానూ అక్కడే తల్లి పక్కన చేరింది. ఉర్దూలో దివాన్ (కవితల సంపుటి) అచ్చయిన తొలి మహిళగా ఆమెకు పేరుంది. అది అచ్చయింది ఆమె పోయాకే.

ఆ తోట ఆ తర్వాత పాడుబడింది. చివరికి అమెరికా రాయబారి నిధి సొమ్ముతో మరమ్మతులు చేసి 2011లో మళ్లీ తెరిచారు. మన దర్బారు గాయని గోరీకి సున్నం పూయడానికి అమెరికా డబ్బు రావాల్సి వచ్చిందా అని అప్పట్లో కొందరు మూతి ముడిచారు. ఎవరి డబ్బయినా తోట మళ్లీ మనుషులు అడుగుపెట్టేలా తయారైంది, నాకు అది చాలు.

లక్నోలో బేగం అఖ్తర్ సమాధిదీ ఇదే దారి. 1974లో అహ్మదాబాద్‌లో కచేరీకి వెళ్లి అక్కడే పోయిన ఆమెను లక్నో పసంద్‌బాగ్‌లో తల్లి పక్కన పాతిపెట్టారు. ఇళ్లు కమ్ముకొచ్చి మరుగున పడిన ఆ చోటును శిష్యురాలు శాంతి హీరానంద్, మరికొందరు కలిసి 2012లో బాగుచేయించారు.

తెలుగువాళ్లకు ఈ కథ కొత్త కాదు. 1847లో సిద్ధి పొందిన త్యాగయ్య సమాధి తిరువయ్యారులో కావేరి ఒడ్డున దిక్కులేకుండా ఉందని గురువు రాసిన ఉత్తరం చూసి బెంగళూరు నాగరత్నమ్మ కదిలింది. నగలు, ఆస్తి ఊడ్చిపెట్టి స్థలం సంపాదించి గుడి కట్టించింది. 1926లో కుంభాభిషేకం చేయించింది. ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదంటే విడిగా ఆడవాళ్ల ఆరాధన పెట్టి, చివరికి అందరినీ ఒక్క పందిట్లోకి తెచ్చింది. దేవదాసి ఇంట పుట్టిన ఒక్క మనిషి పట్టుదల లేకుంటే ఇవాళ టీవీలో మనం చూసే పంచరత్న గోష్ఠి గానం ఆ చోట జరిగేదే కాదు.

ఈ కథలన్నింట్లో కొడుకో, కూతురో, శిష్యురాలో, ఏ చుట్టరికమూ లేని నాగరత్నమ్మ లాంటి మనిషో ఒకరు పనిగట్టుకుని ఉన్నారు. దాయిరా మీర్ మొమిన్‌లో ఖాన్ సాహెబ్‌కు ఆ ఒక్కరు ఇంకా దొరకలేదు. వారసులు, శిష్యులు వేరే ఊళ్లలో పాటను బతికించుకున్నారు. ఆదరించిన నవాబు లేడు, ప్యాలెస్ లేదు.

ఎవరివాడు అన్న పంచాయితీ

మనకు విగ్రహాలంటే మోజు ఎక్కువ. రవీంద్రభారతిలో ఘంటసాల విగ్రహం చాలాకాలంగా ఉంది. 2025 డిసెంబరులో అక్కడే గాయకుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం విగ్రహం పెట్టే సమయానికి, ఆయన ఏ ప్రాంతం వాడు, ఇక్కడెందుకు అన్న వాదన లేచింది. ఆ వాదన చేసినవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. తెలంగాణ గొంతులకు దక్కాల్సిన చోటు చాలాకాలం దక్కలేదన్నది ఉట్టిమాట కాదు. కానీ గాయకుణ్ని పుట్టిన ఊరి లెక్కన కొలవడం మొదలుపెడితే హైదరాబాద్‌కు నష్టమే ఎక్కువ. బాలు నెల్లూరులో తన ఇంటిని 2020లో వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు, అక్కడి ప్రభుత్వ సంగీత పాఠశాలకు అదే ఏడాది ఆయన పేరు పెట్టారు. పుట్టిన గడ్డ పని అది చేసింది. పాడిన ఊరు, పోయిన ఊరు చేయాల్సిన పని వేరే ఉంటుంది.

ఈ నగరంలో తెలుగు వాగ్గేయకారుడి గుర్తుగా జనం వెతుక్కుంటూ వెళ్లేది గోల్కొండ కోటలో ఒక చెరసాల. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, మన రామదాసు, అందులో ఉన్నాడని గోడ మీది బొమ్మలకు పసుపు కుంకుమ పెడతారు. ఆయన మేనమామ మాదన్న, తానీషా మంత్రి. గౌలిపుర పక్కన హరిబౌలిలో గుడి అక్కన్న, మాదన్న అన్నదమ్ముల పేరు మీదే. ఒక్క మైలు చుట్టూ తిరిగితే కుతుబ్‌షాహీల పేష్వా, తానీషా మంత్రులు, నిజాం దివాన్లు, పటియాలా ఉస్తాద్ అందరూ తగులుతారు. వీళ్లలో పాటగాడి పేరొక్కటే ఎవరి నోటా వినపడదు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆగ్రా ఘరానా మహాగాయకుడు ఫయ్యాజ్ ఖాన్ 1950లో బరోడాలో పోయారు. అక్కడున్న ఆయన సమాధిని 2002 అల్లర్లలో ధ్వంసం చేశారు. కృష్ణ భక్తి బందిష్‌లు జీవితమంతా పాడిన మనిషి సమాధి అది. పాతబస్తీకి కూడా కర్ఫ్యూ రోజులు కొత్త కాదు. అన్ని గడ్డు రోజుల్లోనూ దాయిరా గోడ లోపల ఖాన్ సాహెబ్ నిద్ర చెడలేదు. ఆ మాటకు గౌలిపుర, సుల్తాన్‌షాహీ జనాన్ని మెచ్చుకోవాలి.

మరి ఏం చేయాలంటే, పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ఖబరస్తాన్‌లో మైకులు, షామియానాలు వద్దు, ఆ చోటి మర్యాద ఆ చోటిది. శాలిబండ రోడ్డు మీద తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్‌లో ఒక బోర్డు, దాయిరా ముత్తవల్లీల అనుమతితో సమాధి దగ్గర పేరు, తేదీలు చదవగలిగే ఒక రాయి. చార్మినార్ నుంచి లాడ్‌బజార్, చౌమహల్లా మీదుగా సాగే హెరిటేజ్ నడకను ఇంకాస్త పొడిగించి ఇటు తిప్పితే చాలు. ఏప్రిల్ 2 సాయంత్రం చౌమహల్లాలో కచేరీ పెడితే ఉదయం దాయిరాలో ఫాతెహా, పూలు. నవంబర్‌లో మోతీరామ్‌కు ఒక సాయంత్రం ఇచ్చిన ఊరు ఏప్రిల్‌లో గులాం అలీ ఖాన్‌కు ఇంకోటి ఇవ్వలేదా? ఎండ మండిపోయే నెలే, కాదనను. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టుకుంటే సరి. ఎలాగూ సోహ్ని రాత్రి చివరి జాములో పాడే రాగమే.